యాభై నంబరు పిన్ను

కాల్పు 611

బయట 56 డిగ్రీలు. మబ్బు లేదు. కొలిమి 845కి ఎక్కడానికి రెండు గంటల పది నిమిషాలు పట్టింది. లిఫ్టుని తాడుకి తగిలించే పిన్నులు ఎనిమిది, పాత లారీ ఇరుసుల నుంచి కోసినవి, నికెల్ కలిసిన ఉక్కు. అదే వేడిలో గంటంబావు ఉంచి నూనెలో ముంచాను. ముంచాక గట్టితనం 56.

అంకెలు అయ్యాయి. ఈ పుస్తకం పద్ధతి అదే. ముందు అంకెలు రాయాలి, తర్వాత ఏమైనా రాసుకోవచ్చు. నా ముందు ఈ కొలిమి చూసిన మా ఆయన, అంకెల కింద ఆ రోజు ఏం తిన్నాడో రాసేవాడు. ఆయన పోయి ఆరేళ్ళు. నేను తిట్లు రాస్తాను. ఎలాగూ ఎవరూ చదవరు. పేజీ పేజీకీ నూనె మరక. కొలతల ఆఫీసులో ఈ పుస్తకాన్ని బల్ల మీద కూడా పెట్టనివ్వరు.

నూనె అంటే వేరుశనగ నూనె అనుకునేరు. ఎండకి తాళలేక జనమంతా నేల కింద కాపురముండే మా ఏడో బావిలో కోళ్ళ మేతకి పురుగుల్ని పెంచుతారు. వాటిని పిండితే దిగే పచ్చటి కొవ్వు మాకు నూనె. ఎర్రగా కాలిన ఉక్కుని అందులో ముంచినప్పుడు లేచే పొగ జుట్టుకీ, గోళ్ళకీ, ఆఖరికి పళ్ళకీ పడుతుంది. భోజనాల గదిలో నేను కూర్చుంటే బల్ల ఖాళీ అవుతుంది. మా వొదిన ముత్తేలమ్మ, అంటే మా ఆయన అక్క, మనుషుల లిఫ్టు నడుపుతుంది. పొద్దున్నే నేను మిట్ట మీదికి, అంటే కొలిమి ఉన్న నేల మీదికి రావడానికి ఆ లిఫ్టు ఎక్కగానే కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంటుంది. పద్నాలుగు అంతస్తులూ అలాగే పెట్టుకుని ఉంటుంది. ఒక్క మాట మాట్లాడదు.

ఈ రోజు తిట్టాల్సింది నూనెని కాదు. శుక్రవారం కదా, మైకులో నంబర్లు చదివారు. ఈ వారం ఏ సామాను ఎంత గట్టిగా వచ్చిందో చదవడం, జనం చప్పట్లు కొట్టడం. ఈ పిచ్చి ఎంతవరకు వచ్చిందంటే పెళ్ళి సంబంధాలు చెప్పేవాళ్ళు కూడా కుర్రాడు నలభై ఐదు నంబరు అంటున్నారు. మా వొదిన తన కూతురు సూరీడమ్మని ఎనిమిదో బావికి ఇచ్చింది కూడా అలా విన్న సంబంధానికే. నంబర్లు అయ్యాక ఒక ఉత్తర్వు చదివారు. ఎనిమిదో బావి వాళ్ళ పిన్నులు నలభై ఆరు వస్తున్నాయట, కాబట్టి ఇకనుంచి మన సరుకుల లిఫ్టు పిన్నులు నలభై ఎనిమిదికి తగ్గకూడదట.

ముప్ఫై ఎనిమిది ఉండాల్సిన పిన్ను అది.

కాల్పు 612

బయట 57. నమూనా ముక్కలు రెండు. ఒకటి 540లో మూడు గంటలు ఉంచాను, గట్టితనం 38. రెండోది 350లో గంట, గట్టితనం 48.

నూనెలోంచి తీసిన ఉక్కు గాజుతో సమానం. దాన్ని మళ్ళీ సన్నటి వేడిలో కూర్చోబెట్టాలి. దీన్ని టెంపరింగ్ అంటాం. గట్టితనం కొంత దిగుతుంది, బదులుగా చేవ వస్తుంది. 540లో మూడు గంటలు కూర్చోబెడితే ముప్ఫై ఎనిమిదికి దిగుతుంది. దెబ్బ తగిలితే వంగుతుంది గాని విరగదు. అలా కాకుండా మూడు వందలకీ మూడు వందల యాభైకీ మధ్య ఆపేస్తే నంబరు ఘనంగా ఉంటుంది, నెమలిమెడ లాంటి నీలం రంగు వస్తుంది, చేవ మాత్రం ఉండదు. ఈ నికెల్ ఉక్కుకి ఆ వేడి పడదు. ఎందుకు పడదంటే నాకు తెలీదు. విరగ్గొట్టి చూశాను కాబట్టి పడదని తెలుసు.

కొలతల అధికారి తవిటినాయుడు గారిని రమ్మని కబురు పెట్టాను. రుమాలు ముక్కుకి కట్టుకుని వచ్చారు. కడిగి ఇస్త్రీ చేసిన రుమాలు. మిట్ట మీద ఇంత ఎండలో ఇస్త్రీ మడత నిలిచిన మనిషిని చూస్తేనే నాకు ఒళ్ళు మండుతుంది.

రెండు ముక్కల్నీ, ఒక్కోదాని ఒక కొస ఇనప పట్టులో బిగించి, పెద్ద సుత్తితో కొట్టాను. ముప్ఫై ఎనిమిది ముక్క ఐదో దెబ్బకి వంగింది. నలభై ఎనిమిది ముక్క మొదటి దెబ్బకే రెండయింది. విరిగిన కొస ఎగిరి ఆయన బూట్ల ముందు పడింది. పగులు లోపల చక్కెర గింజల్లా మెరుస్తోంది. ఇంతకంటే చెప్పడానికి ఇంకేం ఉండదనుకున్నాను.

ఆయన విరిగిన ముక్కని చూడలేదు. వంగినదాన్ని వేలితో తాకి చూశారు.

"వంగిపోయిందండీ ఇది," అన్నారు.

"వంగాలండీ. వంగితే లిఫ్టు ఆగుతుంది, మనం చూసుకుని మారుస్తాం. విరిగితే కింద పడుతుంది."

"దేవుడమ్మ గారూ, లిఫ్టు తలుపు మీద ఏం రాసుందో చదివారా?"

చదవకేం. పుట్టిన దగ్గర నుంచీ చదువుతున్నాను. ఈ బావి తవ్విన రోజుల్లో అందర్నీ ఉత్తరానికి వెళ్ళిపొమ్మంటే వెళ్ళనివాళ్ళు మూరెడు అక్షరాలతో రాసుకున్నారు, 'మనం వంగం' అని. అది మనుషుల గురించి రాసింది. ఇనుము గురించి కాదు.

"ఆ మాట కింద వంగే పిన్ను పెట్టుకుంటామా? ఎవరైనా వింటే నవ్వరూ? పైగా మీరు మూడు గంటలు ఎండ తినేస్తున్నారు. గంటలో అయిపోతే ఆ రెండు గంటల ఎండా పంకాలకి వస్తుంది. పద్నాలుగో అంతస్తులో పిల్లలకి ఒళ్ళంతా చెమటకాయలండీ."

ఆ చివరి మాట నిజం. మా అద్దాల చేను కాసే ఎండ ఒక్కటే, అది కొలిమికైనా రావాలి, పంకాల్నైనా తిప్పాలి. పద్నాలుగో అంతస్తు పిల్లల్ని నేనూ చూశాను. నిజాన్ని తెచ్చి అబద్ధానికి ఆసరా పెట్టే మనిషికి బదులు చెప్పడం నాకు రాదు. ఆయన వెళ్ళాక ఉమ్మేసి వచ్చాను.

కాల్పు 613

బయట 56. సరుకుల లిఫ్టుకి పిన్నులు రెండు. 350లో గంట. గట్టితనం తల మీద మూడు చోట్ల 48, 48, 47న్నర.

చేశాను. చెయ్యనంటే ఇంకెవరి చేతనో చేయిస్తారు. వాళ్ళకి 845 దగ్గర ఉక్కు ఏ రంగులో ఉంటుందో కూడా తెలీదు. ఇలాంటి మాట చెప్పుకుని పని చేసేవాళ్ళని నేను ఇదివరకు చాలామందిని అసహ్యించుకున్నాను.

తవిటినాయుడు గారు కొలత యంత్రంతో వచ్చారు. వజ్రం మొనని పిన్ను తలలోకి గుచ్చి, గుంట ఎంత లోతు పడిందో చూసి నంబరు చెప్పే యంత్రం అది. ఎప్పుడూ తల మీదే గుచ్చుతారు, ఎందుకంటే నంబరు ముద్ర వేసేది అక్కడే. నీలం రంగు చూసి ముచ్చటపడ్డారు. "ఎంత అందంగా వచ్చాయండీ," అన్నారు.

కాల్పు 614

కాల్పు లేదు. కొలిమి వెలిగించనివ్వలేదు.

సరుకుల లిఫ్టు పిన్ను నాలుగో రోజునే విరిగింది. తొమ్మిదో అంతస్తు దగ్గర బ్రేకు వేస్తే చిన్న కుదుపు వచ్చిందట, అంతే. లిఫ్టు అడుగుదాకా పడిపోయింది. మనుషులు లేరు. ఉన్నవి ఇరవై ఉప్పు బస్తాలు, ఆరు పీపాల పురుగుల కొవ్వు.

ఆరు పీపాలూ పగిలాయి. బావి గోడల వెంట, మెట్ల వెంట, ఇళ్ళ గడపల మీదుగా ఆ పచ్చ కొవ్వు కారింది. పంకాలు ఆ వాసనని ప్రతి గదికీ పంచిపెట్టాయి. ఈ రోజు భోజనాల గదిలో నేను కూర్చున్న బల్ల ఖాళీ కాలేదు. అందరూ నాలాగే కంపు కొడుతున్నారు. వాంతులు చేసుకుంటూ తిన్నారు కొందరు. నవ్వొచ్చింది గాని ఎక్కువసేపు నిలవలేదు, ఎందుకంటే మైకు మోగింది.

పిన్ను ఎందుకు విరిగిందో కొలతల ఆఫీసు తేల్చేసింది. మూడు గుంటల్లో ఒకటి నలభై ఎనిమిదికి అర తక్కువ వచ్చింది కదా, అదీ కారణం. గట్టితనం చాలలేదు. కాబట్టి ఇకనుంచి యాభై. సరుకుల లిఫ్టుకే కాదు, మనుషుల లిఫ్టుకి కూడా యాభై. పాత పిన్నులు వచ్చే బుధవారం తీసేస్తారు.

జనం చప్పట్లు కొట్టారు. కాళ్ళ కింద కొవ్వు జిగట, చేతుల్లో ఎంగిలి పళ్ళాలు. వాటిని కింద పెట్టి మరీ చప్పట్లు కొట్టారు.

కాల్పు 615

బయట 58. మనుషుల లిఫ్టుకి పిన్నులు రెండు, విడివి ఇంకో రెండు. 845లో గంటన్నర, నూనెలో ముంచాను, 56. టెంపరింగ్ రేపు.

పొద్దున వొదిన లిఫ్టుని ఆరో అంతస్తుకీ ఐదో అంతస్తుకీ మధ్య ఆపేసింది. లోపల మేమిద్దరమే. కొంగు ముక్కు మీద నుంచి తియ్యకుండానే మాట్లాడింది. ఆరేళ్ళలో నాతో మాట్లాడిన మొదటి పెద్ద మాట అదే.

"ఒలే దేవుడమ్మా, నానొకటడుగుతాను. తిన్నగా సెప్పు."

"అడుగు వొదినా."

"ఆ యాభై పిన్నేసినాక ఈ లిఫ్టు నువ్వెక్కుతావేటి?"

నేను గోళ్ళలో మసి గీక్కున్నాను.

"సరే, తెలిసింది. రోజుకి ముప్ఫైరెండు సార్లు ఎక్కుతాను, దిగుతాను. ఇరవై నాలుగు మంది నా ఎనకాల నిలబడతారు. ఆలకి తెలీదు. నాకు తెలిసిపోనాది. ఇప్పుడేటి సెయ్యమంతావు?"

"నన్నేం చెయ్యమంటావు?"

"నీ పని నాకేటి తెలుసు. నీ కంపొకటే తెలుసు." మీట నొక్కింది. లిఫ్టు కదిలాక, నా వైపు చూడకుండా అంది. "మా తమ్ముడుంటే ఏదోటి సేసీవోడు."

ఆ మాట రోజంతా చెవిలో ఉంది. కోపం కూడా వచ్చింది. మా ఆయనకి ఈ పని సగం నేర్పింది నేను. సాయంత్రం దాకా పిన్నుల ముందు కూర్చుని వాటి తలలకేసి చూశాను. తవిటినాయుడు గారు గుచ్చేది తల మీద. బరువు మోసేది ఒళ్ళు.

తల యాభై ఉంటే చాలు ఆయనకి. ఒళ్ళు ముప్ఫై ఎనిమిది ఉంటే చాలు మా వొదినకి.

కాల్పు 616

బయట 58. అద్దాల పుస్తకంలో 'మబ్బు, మూడు గంటలు' అని ఉంటుంది. మబ్బు లేదు. నా పుస్తకంలో నిజమే రాస్తున్నాను. పిన్నుల తలలు నీళ్ళ తొట్టిలో, ఒళ్ళు 540లో, మూడు గంటలు. తర్వాత సానపట్టి, మొత్తం పిన్నుని 300లో గంట. తల 50. నడుమ 38. రంగు నీలం.

చెయ్యడం కష్టం కాదు. తల నీళ్ళలో ఉన్నంతసేపూ దానికి వేడి ఎక్కదు, ఒళ్ళు మాత్రం ఉడుకుతుంది. నీళ్ళు కాగిపోతుంటే పక్కనుండి పోస్తూ ఉండాలి. ఒళ్ళు ఒకసారి 540 చూశాక, మళ్ళీ 300లో పెట్టినా అందులో మార్పు రాదు. తల ఒక్కటే యాభైకి దిగుతుంది, రంగు మాత్రం రెండింటికీ పడుతుంది. ఆ నీలం తవిటినాయుడు గారి కోసం.

కష్టమైంది మూడు గంటల ఎండ. పంకాలకి వెళ్ళే ఎండలోంచి తియ్యాలి. అద్దాల చేను చూసే సన్నిబాబుని అడిగాను. సన్నిబాబు మంచివాడు, భయస్థుడు.

"మూడు గంటలు పంకాలు తగ్గితే కిందోలు నా మీదకొచ్చేత్తారప్పా. ఏటని రాయమంతావు?"

"నీ ఇష్టం. ఏదో ఒకటి రాయి."

"మబ్బని రాసేత్తాను. మబ్బంతే ఎవులూ ఏటీ అన్లేరు. మనిసి సేసింది కాదు గదా."

నూట నలభై రోజులుగా ఆకాశంలో మరక లేదు. ఆ సంగతి మా ఇద్దరికీ గుర్తు రాలేదు. సన్నిబాబు రాసిన పావుగంటకి మైకులో చెప్పేశారు, మిట్ట మీద మబ్బు కనిపించిందని.

జనం లిఫ్టు కోసం పన్నెండో అంతస్తు దాకా బారు కట్టారు. వొదిన ఆపకుండా తిప్పింది. ముసలివాళ్ళు, బాలింతలు, చంకలో పిల్లలు, అందరూ ఆ ఎండలోకి వచ్చి నెత్తి మీద గుడ్డలు కప్పుకుని ఆకాశం కేసి చూశారు. ఏమీ లేదు అక్కడ. అయినా సగం మంది చూశామన్నారు. అది తూర్పుకి వెళ్ళిందని ఒకడు, లేదు కరిగిపోయిందని ఇంకొకడు కొట్టుకోబోయారు. ఒక ముసలావిడ కళ్ళు మూసుకుని గట్టిగా గాలి పీల్చి, వాన వాసన వస్తోందని ఏడ్చింది. అది నా నూనె పొగ. నేను చెప్పలేదు. ఆవిడ పక్కనే నిలబడి చెంబుతో పిన్నుల తలల మీద నీళ్ళు పోస్తున్నాను.

ఈ బావిలో అబద్ధం చెప్పడం ఇంత తేలిక అని నాకు ఇన్నాళ్ళూ తెలియదు. తెలిశాక నా చేతులంటే నాకే రోత పుట్టింది. పద్నాలుగో అంతస్తులో ఆ మూడు గంటలూ ఎంత వేడి ఉందో అడగడానికి ధైర్యం చాలలేదు. సాయంత్రం తెలిసింది, ఇద్దరు పిల్లలు సొమ్మసిల్లారట, తేరుకున్నారట.

కాల్పు 617

కాల్పు లేదు. బుధవారం.

తవిటినాయుడు గారు తల మీద మూడు చోట్ల గుచ్చారు. యాభై, యాభై, యాభై. ముద్ర వేశారు. వొదిన నా కేసి చూసింది. నేను లిఫ్టు ఎక్కి నిలబడ్డాను. ఆవిడ తలుపు వేసింది. మీట నొక్కింది. అడుగుదాకా దిగి పైకి వచ్చాం.

కాల్పు 621

బయట 57. గునపాలు పన్నెండు. వివరాలు వెనక పేజీలో.

మధ్యాహ్నం లిఫ్టు దిగుతుంటే తాడు చుట్టే డ్రమ్ము ఒక్కసారిగా పట్టేసింది. ఆ కుదుపు మిట్ట మీద కొలిమి దగ్గర నిలబడ్డ నా కాళ్ళకి తెలిసింది. లోపల ఇరవై నాలుగు మంది, వొదినతో కలిపి ఇరవై ఐదు. నేను కొలిమి వదిలేసి బావి అంచుకి పరిగెత్తాను. కిందకి చూడ్డానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. లిఫ్టు ఏడో అంతస్తు దగ్గర వేలాడుతోంది. లోపల పిల్లలు ఏడుస్తున్నారు. అంత హాయైన ఏడుపు నేనెప్పుడూ వినలేదు.

అందర్నీ నిచ్చెన మీదుగా దింపారు. ఒకామె మణికట్టు విరిగింది, అంతకుమించి ఎవరికీ ఏమీ కాలేదు. గంట తిరక్కుండా మైకు మోగింది. యాభై నంబరు పిన్ను నిలబెట్టిందట. వంగని బావి వంగలేదట.

చీకటి పడకముందే వొదిన కొలిమి దగ్గరికి వచ్చింది. ఆవిడ ఇక్కడికి రావడం ఇదే మొదటిసారి. చేతిలో తువ్వాల్లో చుట్టిన పిన్ను. సుత్తితో కొట్టి ఊడదీయాల్సి వచ్చిందట, తిన్నగా బయటికి రాలేదట. బల్ల మీద పెట్టి దొర్లించింది. దొర్లలేదు. నడుమ బొటనవేలి మందాన వంగి ఉంది.

"వొంగిందే ఇది," అంది.

"అవును."

"యాభై వొంగదన్నారు గదా."

"యాభై తల మీదే వొదినా. మిగతాదంతా ముప్ఫై ఎనిమిది."

పిన్నుని చేతిలోకి తీసుకుని వంపు మీద వేలు నడిపింది. ముక్కు మీద కొంగు ఉందో లేదో నేను గమనించలేదు. కొత్త పిన్ను ఇమ్మంది. ఇచ్చాను, అదీ అలా చేసిందే. విడి పిన్నులు రెండు ముందే చేసి పెట్టుకున్నాను. వంగినదాన్ని నా దగ్గరే ఉంచుకోమంది.

కాల్పు 623

కాల్పు లేదు. కోపంగా ఉన్నప్పుడు కొలిమి ముట్టుకోకూడదు.

ఎనిమిదో బావి వాళ్ళు తవిటినాయుడు గారికి ఉత్తరం రాశారు. ఏడో బావి యాభై పిన్ను గురించి విన్నారట, ఎలా చేస్తారో చెప్పమన్నారట. ఆయన చెప్పారు. 300లో గంట, నీలం రంగు రావాలి, తల మీద కొలవండి. కాగితం మీద అంతే ఉంది. ఆయనకి తెలిసింది కూడా అంతే. ఎనిమిదో బావిలో పందొమ్మిది వందల మంది ఉన్నారు. మనుషుల లిఫ్టు ఒక్కటే. వచ్చే పౌర్ణమికి పిన్నులు మారుస్తారట. సూరీడమ్మ అక్కడ బళ్ళో పాఠాలు చెబుతుంది. రోజూ ఆ లిఫ్టులోనే.

వంగిన పిన్ను తీసుకుని కొలతల ఆఫీసుకి వెళ్ళాను. ఆయన తలుపు వేశారు.

"ఇది ఎవరెవరు చూశారండీ?"

"మా వొదిన చూసింది. తల మీద మీరు గుచ్చింది యాభై. నడుమ ముప్ఫై ఎనిమిది ఉంటుంది. నేనే అలా చేశాను. నమ్మకపోతే యంత్రం పెట్టి గుచ్చి చూడండి."

యంత్రం ఆయన మోచేతి పక్కనే ఉంది. దాని మీద గుడ్డ కప్పి ఉంది. ఆయన గుడ్డని ఇంకా కిందకి లాగారు.

"కొలిస్తే రాయాల్సి వస్తుందండీ," అన్నారు. "నేను కొలవను."

"ఎనిమిదో బావి లిఫ్టు పడిపోతుంది."

"వాళ్ళ పిన్ను విరిగితే అది వాళ్ళ పనితనం లోపం అవుతుంది. మన కాగితాలు సరిగ్గానే ఉన్నాయి. మీరు చేసింది బయటపడితే మాత్రం, ఏడో బావి పిన్ను వంగిందన్న మాట మిగులుతుంది. మన పిల్లలు ఎలా తలెత్తుకుంటారో ఆలోచించండి."

ఆయన మర్యాదగానే మాట్లాడారు. నాకు కుర్చీ కూడా చూపించారు, దాని మీద పాత కాగితం పరిచి. నేను కూర్చోలేదు. పోనీ నా ఉత్తరం ఒకటి పంపమన్నాను. ఉత్తరాలన్నీ ఈ ఆఫీసు ద్వారానే వెళ్ళాలన్నారు, ఈ విషయం మీద వెళ్ళవన్నారు.

పిన్ను మళ్ళీ తువ్వాల్లో చుట్టుకుని, మెట్లు దిగుతూ ఆయన్ని తిట్టుకున్నాను. సగం మెట్లు దిగాక తిట్లు అయిపోయాయి. ఎందుకంటే ఆయన చేతిలో ఉన్న రుజువు నేను చేసి ఇచ్చిందే. నేను నిజమైన యాభై పిన్ను పెట్టనని మొండికేసి ఉంటే, కొలిమి లాక్కునేవాళ్ళు, గొడవయ్యేది, పది మందికీ తెలిసేది. నేను తెలివిగా చేశాను. నా తెలివి మా లిఫ్టుని కాపాడింది, ఇప్పుడు ఎనిమిదో బావి వాళ్ళ తాడుకి నా నీలం రంగే వేలాడబోతోంది. తవిటినాయుడు గారి మీద ఎంత అసహ్యం ఉందో, ఈ రాత రాస్తున్న చేతి మీదా అంతే ఉంది.

వొదినకి చెప్పాను. లిఫ్టు తలుపు మూసేసి, 'పని చేయదు' అన్న పలక తగిలించి, కొలిమి దగ్గరికి వచ్చి మరీ విన్నది. సూరీడమ్మ పేరు నేను ఎత్తలేదు. ఆవిడా ఎత్తలేదు.

"ఉప్పు బండి ఎప్పుడెల్తాది ఎనిమిదికి?" అనడిగింది.

"ఎల్లుండి."

"నాను కూతుర్ని సూసొత్తానని సెలవడుగుతాను. కూతుర్ని సూడ్డానికెల్లొద్దని ఏ ఆఫీసంతాది? నువ్వు కాయితం రాసియ్యి."

"నా కాగితం ఎవరు నమ్ముతారు వొదినా? వాళ్ళ దగ్గర ముద్ర ఉన్న కాగితం ఉంది."

ఆవిడ కొలిమి గట్టు మీద ఉన్న ఈ పుస్తకం కేసి చూసింది.

కాల్పు 624

బయట 57. మబ్బు లేదు. కొలిమి చల్లగా ఉంది.

కొలిమి పుస్తకం బావి దాటకూడదు. దాటిస్తే కొలిమి మనిషిని తీసేస్తారు. నన్ను పురుగుల గదికి వేస్తారని సన్నిబాబు చెబుతున్నాడు. కొవ్వు పిండే పని. ఇన్నాళ్ళూ ఆ కొవ్వులో ఉక్కు ముంచాను, ఇకనుంచి మోచేతుల దాకా నేనే మునుగుతాను. సన్నిబాబు అద్దాల పుస్తకంలో 'మబ్బు' కొట్టేసి 'కొలిమికి' అని రాశాడు. ఎవరూ రాయమనలేదు. రాసి, తెచ్చి నాకు చూపించాడు.

ఈ పుస్తకంలో ఆరు వందల ఇరవై నాలుగు పద్దులున్నాయి. ఒక్క దొంగ అంకె లేదు. మా ఆయన చేతిరాతలో నూట తొంభై దాకా, తర్వాతవి నావి. 540లో ముప్ఫై ఎనిమిది వచ్చిన పిన్నులు నాలుగు వందల పైన ఉంటాయి, ఏది ఎన్నేళ్ళు నిలిచిందో పక్కన రాసి ఉంది. విరిగింది ఒక్కటే, దాని పక్కన 48 అని ఉంది. ఆఫీసులో ఒక్కళ్ళైనా ముక్కు మూసుకుని తిరగేసి ఉంటే ఇదంతా జరిగేది కాదు.

బండి బావి మూతి దగ్గర ఆగి ఉంది. ఉప్పు ఎక్కిస్తున్నారు. వొదిన నా పక్కన నిలబడి ఉంది, నేను రాయడం అయ్యేదాకా ఆగుతానంది. ఇందాక పుస్తకం బరువెంతుందో చూస్తానని తీసుకుంది. చీర కుచ్చెళ్ళలో పట్టదనుకుని, రవికె కిందుగా పొట్టకి ఆనించి కొంగుతో చుట్టి చూసుకుంది. మూడు రోజుల ప్రయాణం అలాగే పెట్టుకుంటుందట. మళ్ళీ తీసి నాకిచ్చింది. ముక్కు మూసుకోలేదు.

"కంపు కొడుతుంది వొదినా, బండిలో వాళ్ళు దింపేస్తారేమో," అన్నాను.

"దింపితే నడిసెల్తాను. బేగి రాసియ్యి."

ఎనిమిదో బావి కొలిమి దగ్గర ఎవరున్నారో నాకు తెలీదు. ఎవరైనా సరే, వాసనకి క్షమించండి. మీకు వచ్చిన కాగితంలో ఉన్నది తప్పు. 540లో మూడు గంటలు పెట్టండి, ముప్ఫై ఎనిమిది రావాలి, నడుమ కొలవండి. పుస్తకం తెచ్చిన మనిషి దగ్గర తువ్వాల్లో ఒక పిన్ను ఉంటుంది. వంకరగా ఉందని పారెయ్యకండి. దాన్ని తెచ్చిన మనిషితో కలిపి ఇరవై ఐదు మంది ఆ రోజు దాని మీదే వేలాడారు.